ఇంట బీరు తయారుచేసేవారి కొలమానం: విస్తరణ శాస్త్రం గమనించవలసిన ఒక అభిరుచి

మట్టి నమూనాలోని నత్రజనిని కెల్డాల్ పద్ధతిలో లెక్కించే విద్యార్థి, ఉదజని సూచికను చదివే పరిశోధకుడు, రెండు వరి రకాల దిగుబడిలోని తేడా యథార్థమా యాదృచ్ఛికమా అన్నది టి-పరీక్షతో తేల్చే శాస్త్రజ్ఞుడు, ఈ ముగ్గురూ బీరుకు ఋణపడినవారే. జోహాన్ కెల్డాల్ 1883లో ఆ పద్ధతిని రూపొందించినది కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. బీరుకు వాడే ధాన్యంలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో తెలియవలసిన అవసరమే దానికి ప్రేరణ. అదే ప్రయోగశాలలో అదే సంవత్సరం ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపాడు. 1909లో సోరెన్‌సెన్ ఉదజని సూచికను ప్రతిపాదించినదీ అక్కడే. డబ్లిన్‌లోని గిన్నిస్ సంస్థ ఉద్యోగి విలియం సీలీ గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రకటించిన వ్యాసమే నేటి టి-పరీక్షకు మూలం. బార్లీ క్షేత్రాలలోను, తయారీ గదులలోను అతనికి దొరికిన నమూనాలు ఎప్పుడూ కొద్దివే. ఆ కొద్దిపాటి నమూనాలతో ఎంతవరకు నమ్మకంగా మాట్లాడవచ్చునన్నదే అతని సమస్య.

ఇవన్నీ పెద్ద కర్మాగారాల నీడలో జరిగినవి, పాఠ్యపుస్తకాలలో చోటు సంపాదించుకున్నవి. వాటికంటే తక్కువ గుర్తింపు పొందినది, అయినా విస్తరణ శాస్త్రానికి ఎక్కువ ఉపయోగపడగలది, గత అరవై ఏళ్లలో పాశ్చాత్య దేశాల వంటిళ్లలో జరిగిన పని. వేతనం లేకుండా, అమ్మకం ఉద్దేశం లేకుండా, సెలవు రోజులలో ఇరవై లీటర్ల బీరు తయారుచేసుకునే అభిరుచిదారులు అక్కడ లక్షల సంఖ్యలో ఉన్నారు. వారు సాధించిన దానిని పానీయపు రుచితో కొలిస్తే విషయం తప్పిపోతుంది. శాస్త్ర శిక్షణ లేని జనసమూహం ఒకటి కొలమానాన్ని చేతబట్టి, తన తప్పులను తానే దిద్దుకుంటూ, పరిశోధన కేంద్రాలకు భాగస్వామిగా ఎదగగలదని వారు నిరూపించారు.

చట్టమే ముందు వారికి అడ్డు. బ్రిటన్‌లో 1880 నుండి ఇంట బీరు తయారీకి అనుమతి పత్రం అవసరమైంది. 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మోడ్లింగ్ ఆ నిబంధనను తొలగించాడు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తివేసిన తరువాత ఇంట ద్రాక్ష సారాయానికి వెసులుబాటు కలిగింది కాని బీరుకు కలుగలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. ఒక వయోజనుడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు, అనగా దాదాపు 757 లీటర్లు, సుంకం లేకుండా చేసుకోవచ్చును, అమ్మరాదు. అలబామా, మిసిసిపి రాష్ట్రాలు మాత్రం 2013 వరకు ఒప్పుకొనలేదు.

ఇంతకూ వారు చేసే పని ఏమిటి? బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టిన మాల్ట్‌ను దంచి, వేడినీటిలో గంటసేపు ఉంచుతారు. నీటి వేడి 62 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటే పిండిపదార్థం ఈస్ట్ తినగల చక్కెరలుగా ఎక్కువగా మారి బీరు పలుచనవుతుంది. 70 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి చిక్కదనం వస్తుంది. ఎనిమిది డిగ్రీల తేడాలో రెండు ఎంజైముల పనితీరు అంతా కనిపిస్తుంది. ఆ తీపి ద్రవాన్ని హాప్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. కలపడానికి ముందు హైడ్రోమీటరును తేలవేసి సాంద్రత చూస్తారు: 1.050. పులియడం ముగిశాక మళ్లీ చూస్తారు: 1.010. ఈ రెండు అంకెల తేడా నుండి ఆల్కహాలు సుమారు 5.2 శాతమని లెక్క కడతారు. రెండు వరుస రోజులలో అంకె మారకపోతేనే పులియడం ఆగినట్లు. పుస్తకంలో ఎన్ని రోజులని వ్రాసి ఉన్నా సరే. తేదీ, ధాన్యం బరువు, నీటి వేడి, గది వేడి, ఈస్ట్ పేరు, రెండు సాంద్రతలు, చివరికి రుచి ఎలా ఉన్నది, అన్నీ నోటు పుస్తకంలోకి చేరుతాయి. ఒక గాజు తేలిక, ఒక థర్మామీటరు, ఒక నోటు పుస్తకం, అంతే సరంజామా.

వంటకం చెప్పడానికీ కొలమానం ఇవ్వడానికీ మధ్యనున్న దూరం ఇక్కడే తెలుస్తుంది. వంటకాన్ని మాత్రమే పొందినవాడు ఫలితం చెడితే వంటకాన్నో తన చేతినో నిందిస్తాడు. కొలమానం ఉన్నవాడు ఎక్కడ తప్పిందో వెదకుతాడు. 1980 దశకంలో వెలువడిన ఇంటి బీరు పుస్తకాలు, తొలి వారం తరువాత బీరును అడుగున పేరుకున్న ఈస్ట్ నుండి వేరుచేసి రెండవ పాత్రలోకి మార్చాలని గట్టిగా చెప్పేవి. మార్చకపోతే చనిపోయిన ఈస్ట్ కణాలు చిట్లి చెడు వాసన వస్తుందన్న భయం. అభిరుచిదారులు మార్చి ఒకటి, మార్చకుండా ఒకటి చేసి పోల్చి చూశారు. మామూలు బీర్లకు ఆ శ్రమ అనవసరమని, పాత్ర మార్చేటప్పుడు గాలి తగలడమే ఎక్కువ నష్టమని నిర్ధారణకు వచ్చారు. ఆ తరువాతి పుస్తకాలే తమ సలహాను సవరించుకున్నాయి. రుచి పరీక్షలోనూ వారిలో పలువురు తమ నాలుకను నమ్మరు. మూడు గ్లాసులలో రెండింట ఒకటే బీరు, మూడవ దానిలో వేరొకటి పోసి, వేరైనది ఏదో చెప్పమంటారు. ఊహించి చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది కనుక 24 మందిలో కనీసం 13 మంది సరిగా చెబితేనే తేడా ఉన్నదని ఒప్పుకుంటారు. స్నాతకోత్తర విద్యార్థులు కొందరు తమ సిద్ధాంత వ్యాసాలలో పాటించే జాగ్రత్త ఇంతకంటే ఎక్కువేమీ కాదు.

ఈ సమూహం వ్యవసాయ పరిశోధనను తాకిన తీరుకు హాప్ తీగ ఒక మంచి ఉదాహరణ. అమెరికా వ్యవసాయ శాఖ ఆరెగాన్ రాష్ట్రంలోని కార్వాలిస్‌లో సాగించిన ప్రజనన కార్యక్రమంలో, ఇంగ్లండు రకం ఫగుల్, రష్యా రకం సెరెబ్రియాంకా వంశం నుండి 1956లో సేకరించిన విత్తనం మొలిచి, పదహారేళ్ల పరిశీలన తరువాత 1972లో 'కాస్కేడ్' పేరిట విడుదలైంది. బూజు తెగులును కొంతవరకు తట్టుకోవడం దాని బలం. జర్మనీలోని సువాసన హాప్ తోటలను ఎండు తెగులు దెబ్బతీసిన రోజులలో పెద్ద తయారీదారులు దానిని ప్రత్యామ్నాయంగా చూశారు. అయితే దాని వాసన యూరప్ హాప్‌ల వాసన వంటిది కాదు. నారింజ, పంపరపనస తొక్కను తలపించేది. ప్రతి సీసా ఒకే రుచిలో ఉండాలని కోరుకునే పెద్ద సంస్థకు అది ఒక లోపం. వాటి ఆసక్తి నిలువలేదు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే, విడుదలై మూలపడిన అనేక రకాల జాబితాలో కాస్కేడ్ ఒకటయ్యేది. ఆ వాసననే కోరుకున్నవారు వేరే చోట ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చిన్న సంస్థ యాంకర్ 1975లో తన లిబర్టీ ఏల్‌లో దానిని వాడింది. 1976లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో ఇంటి బీరు సామగ్రి అంగడి తెరిచిన కెన్ గ్రాస్‌మన్ అనే అభిరుచిదారుడు, 1980లో సియెర్రా నెవాడా సంస్థ తరఫున చేసిన పేల్ ఏల్‌కు కాస్కేడ్‌నే ప్రాణం చేశాడు. 1970 దశకం చివర అమెరికాలో బీరు తయారీ కేంద్రాలు వందలోపే. నేడు తొమ్మిది వేలు దాటాయి. వాటిని స్థాపించినవారిలో ఎందరో వంటింట్లో మొదలుపెట్టినవారు. సువాసన హాప్‌లకు పెరిగిన గిరాకీ సాగుదారుల తోటల స్వరూపాన్నే మార్చివేసింది. పరిశోధన కేంద్రం మంచి రకాన్ని ఇచ్చింది, నిజమే. ఆ రకానికి ఏది గుణమో ఏది దోషమో తేల్చినవాడు మాత్రం విడుదల సంఘం లెక్కలోకి తీసుకోని వినియోగదారుడు.

రెండవ ఉదాహరణ నార్వే పల్లెలది. పశ్చిమ నార్వేలోని వోస్, హోర్నిన్‌దాల్ వంటి లోయలలో రైతు కుటుంబాలు తరతరాలుగా తమ ఇంటి ఈస్ట్‌ను కాపాడుకుంటూ వచ్చాయి. దాని పేరు క్వైక్. చెక్కముక్కలతో కూర్చిన వలయాన్ని పులుస్తున్న పాత్రలో ముంచి, ఈస్ట్ పట్టిన వలయాన్ని ఆరబెట్టి, మరుసటి పండుగ వరకు వ్రేలాడదీసేవారు. చెడిపోతే పొరుగింటినుండి తెచ్చుకునేవారు. తోడు కోసం పక్కింటికి గిన్నె పంపిన వాడుక తెలిసిన తెలుగువారికి ఇది కొత్త కాదు. అంగడిలో ఈస్ట్ పొట్లాలు దొరకడం మొదలయ్యాక చాలా లోయలలో ఆ వలయాలు అటకెక్కాయి. కొన్ని చోట్ల మాత్రమే ఆచారం మిగిలింది.

కంప్యూటరు రంగంలో పనిచేసే లార్స్ మారియస్ గార్షోల్ అనే అభిరుచిదారుడు 2010 దశకంలో ఆ ఊళ్లు తిరిగి, రైతులతో కూర్చొని వారి పద్ధతులను వ్రాసుకున్నాడు. వోస్ నమూనాను ఇంగ్లండులోని జాతీయ ఈస్ట్ సేకరణ కేంద్రానికి పంపాడు. సాధారణ ఏల్ ఈస్ట్ 18 నుండి 22 డిగ్రీల వద్ద హాయిగా పనిచేస్తుంది. క్వైక్‌ను రైతులు 30 నుండి 40 డిగ్రీల వేడిలో కలుపుతున్నారని చెప్పినప్పుడు నమ్మినవారు కొద్దిమందే. 2018లో వెలువడిన జన్యు అధ్యయనం క్వైక్ ఒక ప్రత్యేక వర్గమని, అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే గుణం దానికి నిజంగానే ఉన్నదని చూపింది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో పాటు ఆ పత్రం రచయితలలో గార్షోల్ పేరూ ఉన్నది. 'సమాచారం అందించినందుకు కృతజ్ఞతలు' అన్న చివరి పంక్తిలో కాదు, రచయితల వరుసలోనే. తెలుగు రాష్ట్రాల పరిశోధన పత్రాలలో రైతు పేరు రచయితల వరుసలో కనిపించిన సందర్భాలను వెదకడం పాఠకులకు ఒక అభ్యాసం కాగలదు.

విస్తరణ విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రకటించిన వర్గీకరణను నేర్చుకుంటారు: ఆవిష్కర్తలు 2.5 శాతం, తొలి స్వీకర్తలు 13.5 శాతం, అట్లా చివరివారి వరకు. ఆ వరుస, స్వీకరించిన కాలాన్ని బట్టి కూర్చినది. ఎందుకు స్వీకరించాడు, స్వీకరించాక దానిని ఏ విధంగా మార్చాడు అన్నది అందులో పట్టదు. మార్పు గురించి రోజర్స్ స్వయంగా తరువాతి ముద్రణలలో చర్చించినా, క్షేత్రస్థాయి నివేదికల నమూనాలలోకి అది దిగలేదు. ఎన్ని శిక్షణలు, ఎందరు హాజరు, ఎన్ని ఎకరాలలో ప్రదర్శన, దిగుబడి పెరుగుదల ఎంత శాతం, ఇవే గళ్లు. లాభం ఆశించకుండా, కేవలం ఆసక్తితో కొలిచి చూసేవాడికి ఆ పట్టికలో గడి లేదు.

తెలుగు నేలమీద ఈ అభిరుచిని యథాతథంగా దించడం కుదరదు. దించాలని ఎవరూ కోరనక్కరలేదు కూడ. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. దానికి మించి, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం, మరుసటి సంవత్సరపు సారా నిషేధం ఇక్కడి పల్లెల జ్ఞాపకంలో ఉన్నవి. తాగుడు కూల్చిన సంసారాల ముందు బీరును అభిరుచి అని పొగడడం మర్యాద కాదు. తీసుకోవలసినది కొలమానాన్ని మాత్రమే. దానికి పని ఇక్కడ పుష్కలంగా ఉన్నది, ఎందుకంటే పులియబెట్టడం ఇక్కడ అభిరుచి కాదు, సేద్యంలో భాగం.

జీవామృతాన్నే తీసుకుందాము. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వ కార్యక్రమంగా సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో ఇది కీలకం. ఎకరానికి 200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, 5 నుండి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి; నీడలో 48 గంటలు; రోజుకు రెండుసార్లు కలియబెట్టడం. ఇది వంటకం. మే నెలలో అనంతపురంలో డ్రమ్ములోని వేడికీ, డిసెంబరులో అరకు లోయలో డ్రమ్ములోని వేడికీ పోలిక లేదు. అయినా రెండు చోట్లా చెప్పేది 48 గంటలే. ఇంట బీరు చేసే సామాన్యుడెవడూ ఈ మాటను ఒప్పుకోడు. సూక్ష్మజీవులకు గడియారం లేదు, ఉష్ణోగ్రత ఉన్నది. బెల్లంలోని చక్కెర ఎన్ని గంటలకు తరిగిపోయింది, ఉదజని సూచిక ఎంతకు పడిపోయింది, మళ్లీ ఎప్పుడు లేవసాగింది అన్నది తెలిస్తేనే 48 గంటలు సరియైనదో కాదో తెలుస్తుంది.

జీవామృతంపై విశ్వవిద్యాలయాలకూ ప్రకృతి సేద్యపు కార్యకర్తలకూ నడుమ ఏళ్ల తరబడి సాగుతున్న వాగ్వాదంలో ఇరుపక్షాలూ ఒక విషయం విస్మరించాయి. ఒక రైతు డ్రమ్ములోనిదీ మరొక రైతు డ్రమ్ములోనిదీ ఒకటే పదార్థమని ఏ ఆధారమూ లేదు. ప్రయోగశాలలో చేసిన జీవామృతం పనిచేయలేదని ఒకరు, తన పొలంలో పనిచేసిందని మరొకరు అన్నప్పుడు, ఇద్దరూ రెండు వేర్వేరు ద్రవాల గురించి మాట్లాడుతూ ఉండవచ్చును. ఒక థర్మామీటరు, ఉదజని సూచిక చూపే కాగితపు పట్టీలు, హైడ్రోమీటరు, నోటు పుస్తకం మండలానికి పదిమంది ఆసక్తిపరుల చేతిలో రెండు ఋతువుల పాటు ఉంటే ఈ వాదం ఒక మెట్టు ముందుకు కదులుతుంది. ఆ నోటు పుస్తకాలు జీవామృతాన్ని సమర్థిస్తాయో ఖండిస్తాయో ముందుగా చెప్పనక్కరలేదు. పేడ, పిండి కలిసిన చిక్కటి ద్రవంలో హైడ్రోమీటరు సరిగా తేలకపోవచ్చును, వడకట్టి చూడవలసి రావచ్చును. అట్టి చిక్కులను విప్పడమే శాస్త్రజ్ఞుని వంతు.

రాగి మాల్ట్ విషయమూ ఇటువంటిదే. కృషి విజ్ఞాన కేంద్రాలలో మహిళలకు నేర్పే ఈ తయారీ, బార్లీ మాల్ట్ తయారీకి తోబుట్టువు. మొలకెత్తిన రాగిలోని అమైలేజ్ ఎంజైము జావను పలుచన చేస్తుంది. కనుక అంతే చిక్కదనంలో ఎక్కువ పిండి కలిపి పసిబిడ్డకు ఎక్కువ శక్తినిచ్చే ఆహారం పెట్టవచ్చును. అయితే కమ్మని వాసన కోసం మొలకలను ఎక్కువసేపు వేయిస్తే ఆ ఎంజైము నశిస్తుంది. మిగిలేది రుచిగల మామూలు పిండి. మాల్ట్‌ను ఏ వేడిలో ఆరబెట్టాలో ఇంట బీరు చేసేవారికి కంఠపాఠం. రాగి మాల్ట్ చేసే స్వయంసహాయక సంఘాలకు కరపత్రం అందుతుంది, థర్మామీటరు అందదు. కాచిన జావలో చెంచాడు మొలకల పిండి కలిపి, అది పలుచబడుతున్నదో లేదో చూసే సులభమైన పరీక్షనైనా శిక్షణలో చేర్చవచ్చును. ఇక కోస్తా జిల్లాల తరవాణి కుండ గురించి చెప్పనే అక్కరలేదు. ఏళ్ల తరబడి ఒకే కుండలో నిలుపుతూ వచ్చిన ఆ సూక్ష్మజీవుల సముదాయాలలో ఎన్ని మిగిలాయో, ఎవరి ఇంట మిగిలాయో వెదకి వ్రాసుకునే తెలుగు గార్షోల్ కోసం అవి ఎంతో కాలం ఆగవు.

రెండు అభ్యంతరాలు రావడం సహజం. అభిరుచిదారుడికి తీరికా, డబ్బూ ఉంటాయి. ఇరవై లీటర్లు పారబోసినా అతని జీవనానికి లోటు లేదు. కౌలు రైతుకు ఆ సౌకర్యం లేదు. ఈ మాట నిజం, బరువైనది. అందుచేత పంటనే పణంగా పెట్టే ప్రయోగాలు రైతుపై మోపరాదు. డ్రమ్ములో వేడి చూసి వ్రాసుకోవడానికి మాత్రం పంటను పణం పెట్టనక్కరలేదు. పట్టణాలలో మిద్దెతోటలు పెంచుతూ దేశవాళీ విత్తనాలను ఇచ్చిపుచ్చుకునేవారు ఉన్నారు. తీరికా, కుతూహలమూ గల వారిని తొలి బృందంగా ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. రెండవ అభ్యంతరం, సామాన్యుల లెక్కలు నమ్మదగినవి కావని. ఒక్కొక్క నోటు పుస్తకం నమ్మదగినది కాకపోవచ్చును. కొద్దిపాటి, చెదురుమదురు కొలతలతో ఎంతవరకు మాట్లాడవచ్చునో గాసెట్ నూరేళ్ల క్రిందటే చూపాడు, ఆ పట్టిక ప్రతి వ్యవసాయ విద్యార్థి పుస్తకం చివరి పుటలలో ఉన్నది.

మూడవది అభ్యంతరం కాదు, ముందుగా తేల్చుకోవలసిన విషయం. క్వైక్ ప్రపంచానికి తెలిసిన కొద్ది కాలంలోనే ఈస్ట్ అమ్మే సంస్థలు దానిని పొట్లాలలో పెట్టాయి. రైతు ఇంటి క్వైక్ సాధారణంగా పలు ఈస్ట్ తెగల మిశ్రమం. పొట్లాలలోనిది చాలావరకు అందులోనుండి ఏరిన ఒకే తెగ. దానిపై లోయ పేరు ఉంటుంది. తరతరాలు కాపాడిన కుటుంబాలకు ఆ అమ్మకంలో వాటా దక్కాలన్న నియమం ముందుగా ఎవరూ ఏర్పరచలేదు. భారతదేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం, గ్రామస్థాయి జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉన్నాయి. ఆ రిజిస్టర్లలో చెట్లు, పశువులు, విత్తనాలు నమోదు చేయడానికి గళ్లు ఉన్నాయి. కుండలోని పులుపు, డ్రమ్ములోని నురుగు ఏ గడిలోకి వస్తాయో, వాటిని నమోదు చేసిన ఇంటికి ఏ హక్కు దక్కుతుందో నోటు పుస్తకాలు పంచడానికి ముందే విశ్వవిద్యాలయాలు కమిటీలతో కూర్చొని వ్రాతపూర్వకంగా నిర్ణయించాలి. పుస్తకం నకలు విశ్వవిద్యాలయానికి, అసలు రైతుకు అన్నంత స్పష్టంగా.